మాన్యువల్ లేని మోడెమ్: రాణిగంజ్ కార్డు జంపర్లు కనిపెట్టిన వైనం

1999 వర్షాకాలం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుసెట్ల విడిభాగాలు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, మా కుర్రాడు మోడెమ్ పెట్టాడు. అది పెట్టినప్పటి నుంచి మౌస్ బిగుసుకుపోతోంది. ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నారు పెద్దాయన. మోడెమ్ అంటే ఫోన్ తీగ మీద కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే కార్డు.

వాళ్ల లెక్కలన్నీ ఆ ఒక్క 486 కంప్యూటర్ మీదే నడిచేవి. డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్, 16 ఎంబీ ర్యామ్, విండోస్ 95. కామ్1కి, అంటే మొదటి సీరియల్ పోర్టుకి, మౌస్. కామ్2కి పక్క గదిలోని బిల్లింగ్ కంప్యూటర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే కేబుల్. ప్రింటర్ పోర్టుకి డాట్ మ్యాట్రిక్స్. సౌండ్ కార్డు లేదు. హార్డ్ డిస్కు, ఫ్లాపీ, రెండు సీరియల్ పోర్టులు, ప్రింటర్ పోర్టు అన్నీ కలిపి ఒకే మల్టీ ఐఓ కార్డు మీద ఉన్నాయి. డిస్‌ప్లే కార్డు ఎస్3 చిప్‌ది, వీఎల్‌బీ అనే అప్పటి వేగమైన స్లాట్‌లో ఉంది. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చివరికి ఏ సెట్టింగ్ పెట్టాలో తేల్చింది మోడెమ్ కాదు, దాని చుట్టూ ఉన్న ఈ సరంజామానే.

మోడెమ్ అమెరికా నుంచి వచ్చింది. పెద్దాయన అల్లుడు అక్కడ తన పాత కంప్యూటర్‌లోంచి పీకి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి పంపాడు. పెట్టె లేదు, పుస్తకం లేదు, ఫ్లాపీ లేదు. ఐఎస్‌ఏ అనే పాతరకం స్లాట్‌లో పెట్టే కార్డు, మధ్యలో రాక్‌వెల్ చిప్పు, దాని మీద ఆర్‌సీ288తో మొదలయ్యే నంబరు. అంటే సెకనుకి 28,800 బిట్ల వేగం మోడెమ్. దాని వయసుకు మంచిదే. తయారీదారు పేరు మాత్రం కార్డు మీద ఎక్కడా లేదు. జేపీ1 నుంచి జేపీ6 దాకా ఆరు జంపర్లున్నాయి. జంపర్ అంటే రెండు పిన్నుల జత, దాని మీద చిన్న క్యాప్ పెట్టి మూస్తే ఆ రెండూ కలుస్తాయి. ఏది దేనికో ఒక్క అక్షరం కూడా అచ్చు వేయలేదు. ఈ ఒక్క పిసినారితనం వల్ల సాంకేతిక నిపుణుల జీవితాల్లో ఎన్ని గంటలు పోయాయో!

"జంపర్లు ఎలా పెట్టావు?" అని కుర్రాణ్ని అడిగాను.

"మా ఫ్రెండ్ మోడెమ్ బుక్ ఉందన్నా. అందులో ఐదు, ఆరు మూస్తే కామ్1 అని ఉంది. అట్లనే పెట్టిన."

"మొదట్లో ఎలా ఉన్నాయో రాసుకున్నావా?"

రాసుకోలేదు. ఎవరూ రాసుకోరు. నేను కూడా మొదటి రెండేళ్లు రాసుకోలేదు.

కార్డు బయటికి తీసి, లైటు కింద పెట్టి చూశాను. చాలా ఏళ్లు జంపర్ క్యాప్ కింద ఉన్న పిన్నులు మిగతావాటిలా ఉండవు. దుమ్ము పట్టదు, మెరుపు పోదు. జేపీ1 పిన్నులు రెండూ, జేపీ6 పిన్నులు రెండూ కొత్తగా ఉన్నాయి. మిగతావన్నీ మసకబారి ఉన్నాయి. అంటే అమెరికాలో ఈ కార్డు జేపీ1, జేపీ6 మీద క్యాపులతో నడిచింది. అర్థం ఇంకా తెలియదు కానీ, వెనక్కి వెళ్లడానికి ఒక గుర్తు దొరికింది. కాగితం మీద బొమ్మ గీసుకున్నాను.

తర్వాత అందరూ చేసే పనే నేనూ చేశాను. కార్డు వెనక ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) స్టిక్కర్ ఉంది. అమెరికాలో అమ్మిన ప్రతి మోడెమ్ మీదా ఇది ఉంటుంది. అప్పటి ఎఫ్‌సీసీ ఐడీలో మొదటి మూడు అక్షరాలు ఆ అనుమతి తీసుకున్న కంపెనీకి గుర్తు. వాటిని బట్టి తయారీదారు ఎవరో పట్టుకోవచ్చు. పెట్టె మీది బ్రాండు వేరు, లోపలి కార్డు చేసినవాడు వేరు. ఒకే కార్డు పది పేర్లతో అమ్ముడుపోయేది. అందుకే బ్రాండు పేరుతో వెతికేవాళ్లకి దొరకనిది ఒక్కోసారి ఈ మూడు అక్షరాలతో దొరుకుతుంది.

సాయంత్రం ప్యారడైజ్ దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటన్నర కూర్చున్నాను. స్టిక్కర్ మీద చెరిగిన అక్షరం సున్నానా, 'ఓ'నా అన్నది తేలడానికే అరగంట పట్టింది. చివరికి తైవాన్ తయారీదారు తేలాడు. వాడి పాత మోడళ్ల జాబితాలో దీని చుట్టంలాంటి కార్డు దొరికింది. అదే చిప్పు, అవే ఆరు జంపర్లు. ఆ పేజీ ప్రింటు తీసుకున్నాను. కామ్ పోర్టు ఎంపికకి జేపీ5, జేపీ6 అని, ఐఆర్‌క్యూకి (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్టు తీగకి) జేపీ1 నుంచి జేపీ4 దాకా అని అందులో ఉంది. కుర్రాడి స్నేహితుడి పుస్తకంలో ఉన్నదీ ఇదే.

పెడితే సరిపోతుందనుకుని బస్సెక్కాను. దారిలో ఒక విషయం మనసులో పడింది. ఆ పట్టిక నిజమైతే, మెరుస్తున్న జేపీ1, జేపీ6 పిన్నులు కామ్, ఐఆర్‌క్యూల జంటగా కుదురుతాయి. అదీ బాగానే ఉంది. కానీ కుర్రాడు కూడా ఆ పట్టిక ప్రకారమే పెట్టాడు కదా! మరి మోడెమ్‌ని కామ్1కి మార్చినంత మాత్రాన, పక్క గదికి వెళ్లే కేబుల్ కూడా ఎందుకు ఆగిపోయింది? ఈ రెండో ఫిర్యాదు పెద్దాయన ఫోన్లో చెప్పలేదు. నేను వెళ్లాక, మాటల్లో మాటగా, "ఆ పక్క గదికి పోయేది కూడా పోవట్లేదు, అది వేరే సంగతిలే" అన్నారు. అది వేరే సంగతి కాదని నాకు బస్సులో తట్టింది.

మర్నాడు కాగితాలు పక్కన పెట్టి మల్టీమీటర్ తీశాను.

ఐఎస్‌ఏ కార్డు అంచున ఉండే బంగారు పట్టీల వరస ఎక్కడైనా ఒక్కటే. ఏ దేశంలో చేసినా, ఎవరు చేసినా మారదు. విడిభాగాలున్న వైపుది 'ఏ' వరస, టంకం వైపుది 'బీ' వరస. వెనక బ్రాకెట్ వైపు నుంచి లెక్క మొదలు. బీ25 ఐఆర్‌క్యూ 3కి, బీ24 ఐఆర్‌క్యూ 4కి, బీ23 ఐఆర్‌క్యూ 5కి, బీ22 ఐఆర్‌క్యూ 6కి, బీ21 ఐఆర్‌క్యూ 7కి. 8 బిట్ కనెక్టర్ ఉన్న కార్డుకి వీటితో పాటు బీ4 మీద ఐఆర్‌క్యూ 2 ఒక్కటే దొరుకుతుంది. భూమి (గ్రౌండ్) కావాలంటే బీ1, బీ10, బీ31. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే చాలు, ఐఆర్‌క్యూ జంపర్లకి మాన్యువల్ అక్కర్లేదు.

మీటర్ని బీప్ మీద పెట్టి, ఒక మొన పట్టీ మీద, రెండో మొన ఒక్కో జంపర్ పిన్ను మీద పెట్టుకుంటూ పోయాను. బీ25 మీద ఉంచితే జేపీ6 పలికింది. బీ24కి జేపీ5. బీ23కి జేపీ4. బీ21కి జేపీ3. ఈ నాలుగు జంపర్ల అవతలి పిన్నులు నాలుగూ ఒకదానితో ఒకటి పలికాయి. అంటే మోడెమ్ నుంచి వచ్చే ఒకే ఇంటరప్టు తీగ నాలుగు గుమ్మాల ముందు నిలబడి ఉంది. ఏ గుమ్మం మీద క్యాప్ పెడితే ఆ ఐఆర్‌క్యూలోకి పోతుంది. పెట్టాల్సింది ఒక్కటే క్యాప్.

కుర్రాడు జేపీ5, జేపీ6 రెండూ మూశాడు. అంటే ఐఆర్‌క్యూ 4నీ ఐఆర్‌క్యూ 3నీ కార్డు మీద ఒకదానికొకటి అతికించేశాడు. మౌస్‌ది ఒకటి, కేబుల్‌ది ఒకటి. రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కచోటే దొరికింది. ఐఎస్‌ఏలో ఇంటరప్టు తీగని పంచుకోవడం మామూలుగానే కుదరదు. అలాంటిది రెండు తీగల్ని కలిపేస్తే ఇంకేం పనిచేస్తుంది? ఏదీ కాలిపోకపోవడం వాళ్ల అదృష్టం.

నా చేతిలో ఉన్న ప్రింటు అసలు కంపెనీదే. అబద్ధం కాదు, వేరే రివిజన్‌ది, అంతే. ఎఫ్‌సీసీ నంబరు తయారీదారు దాకా తీసుకెళ్తుంది. మీ కార్డు దాకా తీసుకెళ్తుందని ఎవరూ మాటివ్వలేదు.

ఇక జేపీ1, జేపీ2 మిగిలాయి. వాటిలో ఒక పిన్ను భూమికి పలికింది. రెండోది ఒక చిన్న నిరోధకం మీదుగా 5 వోల్టుల వైపు, అక్కడి నుంచి చిప్పులోకి పోయింది. క్యాప్ లేకపోతే చిప్పుకి 1 కనిపిస్తుంది, పెడితే 0. రెండు జంపర్లు కాబట్టి నాలుగు రకాలు. కామ్ పోర్టులు కూడా నాలుగే, ప్రాసెసర్ పిలవడానికి ఒక్కోదానికి ఒక్కో చిరునామా సంఖ్య.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఈ నాలుగు చిరునామాల అందం చాలామంది గమనించరు. కామ్1 3ఎఫ్8, కామ్2 2ఎఫ్8, కామ్3 3ఈ8, కామ్4 2ఈ8. హెక్సాలో చూస్తే ఏదో గుడ్డిగా పంచినట్టుంటుంది. బైనరీలో, అంటే 0, 1లతో, విడదీసి రాస్తే 1111111000, 1011111000, 1111101000, 1011101000. పది బిట్లలో మారేవి రెండే రెండు, కుడి నుంచి సున్నాతో లెక్కపెడితే ఏ8, ఏ4. మిగతా ఎనిమిది ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే చాలా కార్డుల మీద కామ్ ఎంపికకి రెండు జంపర్లు చాలు. మీ కార్డు మీద భూమికి పోయే జంపర్లు సరిగ్గా రెండే ఉంటే, అవి ఇవేనని ముందే ఊహించుకోవచ్చు.

ఊహ ఊహే, పరీక్ష పరీక్షే. చిప్పు లోపల ఆ రెండు బిట్లని తిరగేసి చదువుకోవచ్చు కూడా. పరీక్షకి ముందు యంత్రాన్ని ఖాళీ చేశాను. మల్టీ ఐఓ కార్డు మీద కామ్1, కామ్2 రెండూ దాని జంపర్లతోనే ఆపేశాను. ఆ కార్డు చేసిన మహానుభావుడు పట్టిక మొత్తం బోర్డు మీదే అచ్చు వేశాడు, దండం పెట్టాలి. అవి ఆపకపోతే, మోడెమ్ ఆ రెండింటిలో దేంట్లో కూర్చున్నా, రెండు చిప్పులు ఒకేసారి బస్ మీద (కార్డులన్నీ పంచుకునే తీగల మీద) మాట్లాడే ప్రమాదం ఉంది.

డిస్‌ప్లే కార్డు కూడా తీసేసి, నా సంచిలో ఉండే పాత ట్రైడెంట్ ఐఎస్‌ఏ కార్డు పెట్టాను. ఎస్3 చిప్పు 42ఈ8, 82ఈ8 లాంటి పోర్టులు వాడుకుంటుంది. పాత మోడెములు చిరునామాలో కింది పది బిట్లే చూస్తాయి. వాటి కంటికి అవన్నీ 2ఈ8 లాగే కనిపిస్తాయి. అంటే కామ్4. ఎస్3 ఉన్న యంత్రంలో కామ్4 మీద మోడెమ్ పెడితే తెర మీద చెత్త రావడమో, యంత్రం బిగుసుకుపోవడమో జరుగుతుంది. మోడెమ్ పాడైందనుకుని పారేసినవాళ్లు నాకు తెలుసు.

డాస్ 6.22 ఫ్లాపీతో బూట్ చేసి, అందులోని డీబగ్ అనే ప్రోగ్రాం తెరిచాను. అందులో 'ఓ' అంటే పోర్టుకి రాయడం, 'ఐ' అంటే చదవడం. సీరియల్ చిప్పులో ఎనిమిది రిజిస్టర్లు వరసగా ఉంటాయి. చివరిది చిత్తుకాగితం లాంటిది. దానికి వేరే పనేమీ లేదు, రాసింది దాచుకుని అడిగితే తిరిగి ఇస్తుంది. మొదటితరం 8250లో అది లేదు, 16450, 16550లలో ఉంది. దాని చోటు పోర్టు చిరునామాకి 7 కలిపితే వస్తుంది. అంటే 3ఎఫ్ఎఫ్, 2ఎఫ్ఎఫ్, 3ఈఎఫ్, 2ఈఎఫ్. ఒక్కోదానికి 55 రాసి చదవాలి, తర్వాత ఏఏ రాసి చదవాలి. రెండుసార్లూ రాసిందే తిరిగొస్తే అక్కడ ఎవరో ఉన్నట్టు. ఎఫ్ఎఫ్ వస్తే ఖాళీ ఇల్లు. రాయడానికీ చదవడానికీ మధ్య ఇంకో పోర్టుని ఒకసారి చదవడం నాకు అలవాటు. ఎవరూ లేని బస్ తీగలు కూడా ఒక్కోసారి ఇందాక విన్న మాటనే తిరిగి పలుకుతుంది.

చేతివేళ్లు జాగ్రత్త. 3ఎఫ్0 నుంచి 3ఎఫ్7 దాకా ఫ్లాపీ కంట్రోలర్, హార్డ్ డిస్కు వాడకంలో ఉంటాయి. ఒక్క అంకె తప్పినా మీరు డిస్కుతో మాట్లాడుతున్నట్టే.

జంపర్ మార్చిన ప్రతిసారీ కరెంటు ఆపి మార్చాను. నాలుగుసార్లు బూట్ చేయడం, ఇరవై నిమిషాలు. రెండూ తెరిచి ఉంటే 3ఎఫ్ఎఫ్ పలికింది, కామ్1. జేపీ1 మూస్తే 2ఎఫ్ఎఫ్, కామ్2. జేపీ2 మూస్తే 3ఈఎఫ్, కామ్3. రెండూ మూస్తే 2ఈఎఫ్, కామ్4. అంటే జేపీ1 ఏ8, జేపీ2 ఏ4. మెరుస్తున్న పిన్నులు కూడా ఇప్పుడు మాట్లాడాయి. జేపీ1, జేపీ6 అంటే కామ్2, ఐఆర్‌క్యూ 3. ఇంటర్నల్ మోడెములకి అందరూ పెట్టే మామూలు సెట్టింగే. ఫ్లాపీలో ఎంఎస్‌డీ (యంత్రంలో ఏమున్నాయో చెప్పే ప్రోగ్రాం) కూడా ఉంది కాబట్టి నడిపి చూశాను. చిప్పు 16550ఏఎఫ్ అని చెప్పింది. 28,800 మోడెమ్‌కి అది ఉండాల్సిందే. లేకపోతే విండోస్‌లో అక్షరాలు రాలిపోతాయి.

ఇక ఏది పెట్టాలి? కామ్1 మౌస్‌ది. కామ్2 కేబుల్‌ది, పెద్దాయన దాన్ని వదులుకోనన్నారు. కామ్4ని ఎస్3 కొట్టేసింది. మిగిలింది కామ్3. కానీ కామ్3కి ఆనవాయితీగా వచ్చే ఐఆర్‌క్యూ 4 మౌస్ చేతిలో ఉంది. ఐఆర్‌క్యూ 7 ప్రింటర్‌ది. సౌండ్ కార్డు లేదు, రెండో ప్రింటర్ పోర్టు లేదు, కాబట్టి ఐఆర్‌క్యూ 5 ఖాళీ. జేపీ2 మీద ఒక క్యాప్, జేపీ4 మీద ఒక క్యాప్. అంతే.

యంత్రాన్ని మళ్లీ మామూలుగా బిగించి, ముందు డాస్‌లోనే చూశాను. ఈ యంత్రంలో బయాస్ కామ్3ని తన జాబితాలో రాసుకోలేదు. డీబగ్‌లో 40:0 దగ్గర చూస్తే ఎఫ్8 03, ఎఫ్8 02 అని రెండే ఉన్నాయి. 40:4 దగ్గర ఈ8 03 అని నేనే రాశాను. బయటికొచ్చి ఎకో ఏటీహెచ్1 (ఫోన్ ఎత్తమని మోడెమ్‌కి ఇచ్చే ఆజ్ఞ) అని కామ్3కి పంపితే కార్డు మీద రిలే టక్కుమంది, చిన్న స్పీకర్లోంచి డయల్ టోన్ వినిపించింది. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. ఇందులో ఐఆర్‌క్యూ ప్రమేయం లేదు. రిలే పలికిందంటే చిరునామా సరైనదే. ఆ తర్వాత విండోస్‌లో గొడవ చేస్తే ఇంక ఐఆర్‌క్యూనే పట్టుకోవాలి. చిరునామా జబ్బు వేరు, ఇంటరప్టు జబ్బు వేరు. రెండింటికీ ఒకేసారి మందు వేస్తే రోజంతా పోతుంది.

విండోస్‌లో గొడవ చేసింది కూడా. హైపర్ టెర్మినల్‌లో ఏటీ అని కొడితే, ఓకే రావడానికి చాలాసేపు పట్టింది, అదీ అక్షరం తర్వాత అక్షరం. ఇది ఐఆర్‌క్యూ తప్పుకి అచ్చమైన లక్షణం. విండోస్ తన అలవాటు ప్రకారం కామ్3కి 4 అనుకుంది, కార్డు 5లో పిలుస్తోంది. డివైస్ మేనేజర్‌లో కామ్3 పోర్టు తెరిచి, రిసోర్సెస్‌లో ఆటోమేటిక్ టిక్ తీసేసి, ఐఆర్‌క్యూ మార్చనిచ్చే కాన్ఫిగరేషన్ ఎంచుకుని 5 పెట్టాను. రీబూట్ అయ్యాక ఓకే తక్షణం వచ్చింది. మౌస్ కదులుతూనే ఉంది. కుర్రాడు పక్క గదికి పరుగెత్తి ఒక ఫైలు పంపించి, "పోయిందన్నా!" అని అరిచాడు.

ఇంకొక్క మెలిక మిగిలింది. డయల్ చేస్తే డయల్ టోన్ లేదు అని వస్తోంది. స్పీకర్లో మాత్రం టోన్ మనకి వినబడుతూనే ఉంది. కార్డు అమెరికా టోన్‌కి అలవాటుపడింది, మన టోన్ దానికి టోన్‌లా అనిపించదు. ఏటీఎక్స్3 పెడితే టోన్ కోసం ఆగకుండా నంబరు కొట్టేస్తుంది. విండోస్‌లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్ తీసేసినా అదే ఫలితం. రోజెట్ బాక్స్ నుంచి తెచ్చిన రెండు తీగలు ప్లగ్గులో మధ్య రెండు పిన్నులకే వెళ్లాయా అని కూడా చూశాను. 26,400 దగ్గర కనెక్ట్ అయింది. రాణిగంజ్ తీగల మీద అది తక్కువేం కాదు.

కేబినెట్ మూత లోపల ఒక కాగితం అతికించాను. జేపీ1 ఏ8, జేపీ2 ఏ4, మూస్తే 0. జేపీ3 7, జేపీ4 5, జేపీ5 4, జేపీ6 3, ఒక్కటే మూయాలి. ప్రస్తుతం 2, 4 మూసి ఉన్నాయి. పెద్దాయన అది చూసి, "ఇది ఏ దేవుడి యంత్రం బాబూ?" అన్నారు.

ఇప్పుడు ఇలాంటి కార్డులు సేకరించేవాళ్లు అడుగుతుంటే ఇదే చెబుతాను. టోటల్ హార్డ్‌వేర్ 99 అనే జంపర్ పట్టికల సంకలనం చూడండి, పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో తయారీదారు పాత సైటు చూడండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే దొరికిన పట్టికని కార్డులో పెట్టేముందు బీ21 నుంచి బీ25 దాకా ఒకసారి మీటర్‌తో పలికించండి. రెండు నిమిషాల పని. పట్టిక మీ కార్డుదో కాదో అక్కడే తేలిపోతుంది.

ఈ పద్ధతికి లొంగనివీ ఉన్నాయి. ఏడాది తిరక్కుండా అదే కుర్రాడు ఇంకో కార్డు తెచ్చాడు. ఈసారి ఏ పిన్ను దేనికి పలుకుతుందో కాగితం మీద గీసుకుని మరీ వచ్చాడు. ఐఆర్‌క్యూ జంపర్లు సరిగ్గా పట్టుకున్నాడు. కామ్ జంపర్లు మూడు తేలాయి, క్యాపులన్నీ తీసేసి ఉన్నాయి, డీబగ్‌లో నాలుగు చోట్లా ఎఫ్ఎఫ్. కార్డు చచ్చిపోయిందని తేల్చేశాడు. అది ప్లగ్ అండ్ ప్లే కూడా తెలిసిన కార్డు. జంపర్లన్నీ తెరిచి ఉంచితే విండోస్ వచ్చి పిలిచేదాకా ఏ చిరునామాలోనూ పలకదు. మూడింటిలో ఒకటి మూసి మళ్లీ బూట్ చేయమన్నాను. 2ఎఫ్ఎఫ్‌లో 55 తిరిగొచ్చింది.